రాజుగారి వెంట్రుకలు

కాశమ్మకు నలభై ఒక్క యేండ్లు. ఎక్కడ రాలిన వెంట్రుక కనిపించినా తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి రుద్ది చూడటం ఆమెకు అలవాటు.

అది పిచ్చి కాదు, పని. వెంట్రుకను అట్లా రుద్దితే మెల్లగా ఒక పక్కకే జరుగుతుంది, ఎప్పుడూ కుదురు ఉన్న పక్కకు. ఏది కుదురో ఏది కొసో కంటికి తెలియదు, వేలికి తెలుస్తుంది. సవరం అల్లేటప్పుడు కుదుళ్లన్నీ ఒక వైపు, కొసలన్నీ ఒక వైపు ఉండాలి. పిడికెడు తిరగబడినా సవరం వారానికే ఉండలు కడుతుంది, కొన్న మనిషి ఇంటి ముందుకొచ్చి తిడుతుంది. నారాయణఖేడ్‌లో కాశమ్మ ఇంటి ముందు అట్లా తిట్టిన వాళ్లు లేరు.

నెత్తిన గంప పెట్టుకుని ఇంటింటికీ తిరిగేది. గంపలో పూసలు, పిన్నులు, రిబ్బన్లు, దువ్వెనలు. ఆడవాళ్లు తల దువ్వుకున్నాక రాలిన వెంట్రుకలను చుట్టి గోడ సందులో పెట్టుకుంటారు కదా, ఆ ఉండలు తీసుకుని బదులుగా పిన్నో రిబ్బనో ఇచ్చేది. ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చి తగ్గిందో, ఎవరు బాలింతో, ఎవరిని మొగుడు జుట్టు పట్టి ఈడ్చాడో ఆ ఉండలే చెప్పేవి. మూడో రకమే ఎక్కువ వచ్చేవి. కాశమ్మ ఆ సంగతి నోటితో అనేది కాదు. ఆ ఇంటి ఆడమనిషికి రెండు పిన్నులు ఎక్కువ ఇచ్చి లేచేది.

బిడ్డ రుక్కమ్మకు పదిహేనేండ్లు. తొమ్మిదో తరగతి పాసయింది. తండ్రి ఈరయ్య జాతరలు తిరిగి పూసలమ్ముతాడు. ఇంటికి చుట్టంలా వస్తాడు, చుట్టంలానే పోతాడు. రుక్కి జడ మోకాలు దాటేది. ఆ జడలోంచి రాలిన ఒక్క వెంట్రుకను కూడా కాశమ్మ ఏ సవరంలోనూ కలపలేదు. బిడ్డ తల సరుకు కాదని ఆమె తనకు తాను పెట్టుకున్న కట్టడి.

రెండేండ్ల కింద రుక్కికి టైఫాయిడ్ వచ్చింది. జ్వరం పోయేసరికి జడ సగమయింది. పిల్ల అద్దం ముందు కూర్చుని ఒకటే ఏడుపు. అప్పుడు పిలిచి దగ్గర కూర్చోబెట్టుకున్నది రేవమ్మ.

రేవమ్మది బస్టాండు వెనక పెద్ద ఇల్లు. నాగల్‌గిద్ద అవతల ఎక్కడో ఒక చిన్న సంస్థానం ఉండేదట. ఆ రాజు వంశం. రాజ్యం పోయింది, భూములు సగం పోయాయి, ఇంటికి గడి అన్న పేరు మాత్రం పోలేదు. మొగుడు అమృతప్ప బీదర్‌లో దుకాణం చూసుకుంటూ అక్కడే ఉండేవాడు. ఇక్కడ రేవమ్మ, ఆమె బిడ్డ కల్లమ్మ. కల్లమ్మ, రుక్కి ఒకే తరగతి.

ప్రతి శుక్రవారం రేవమ్మ ఆ ఇద్దరినీ ముందటి తిన్నె మీద పక్కపక్కన కూర్చోబెట్టి నూనె రాసి దువ్వేది. మొదటిసారి అది చూసినప్పుడు కాశమ్మ గంప దించడం మరిచిపోయింది.

"కూసో తంగీ. నీ బిడ్డ తల నాకిచ్చినవ్, ఇగ నీకేం ఫికర్?" అన్నది రేవమ్మ. వాళ్ల ఇంటి కన్నడంలో తంగి అంటే చెల్లె. దొర్సాని అని పిలిస్తే కసిరి, అక్కా అని పిలిపించుకున్నది కూడా ఆమే.

"అమ్మ దువ్వితే గుంజుతది రేవవ్వా. నువ్వు దువ్వితే నిద్రొస్తది," అన్నది రుక్కి కండ్లు మూసుకుని.

"పండుకో బంగారం. నేనున్న గద."

కల్లమ్మకు ఒక దువ్వెన, రుక్కికి ఒక దువ్వెన. కాశమ్మ అది చూసింది. అంటు అనుకున్నది. మింగేసింది. అంతమాత్రం మింగడం ఆమెకు పుట్టినప్పటి నుంచీ వచ్చిన విద్య.

పక్కింటి హన్మమ్మకు నోరు ఆగదు. "గడి దొర్సాని నీ బిడ్డకు తల దువ్వుడేందే? గిట్లనే ఉంటే రేపు మీ ఈరయ్యకు గడ్డం గూడ గీస్తదేమో, అడిగి చూడు."

"నీకు కడుపుమంట."

"మంట గాదు, గమ్మత్తు. పెద్దోళ్ల చెయ్యి నెత్తి మీద పడితే నేనైతే నెత్తి తడిమి చూసుకుంట, ఉన్నదా లేదా అని."

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఎనభై మూడు, మే నెల. ఒక శుక్రవారం రేవమ్మ కబురు పంపింది. ఒక పాత వస్తువు అల్లిక ఊడిపోతున్నది, బాగు చెయ్యాలి. రుక్కిని తేవొద్దు, ఒక్కదానివే రా.

మూడు గంటల ఎండ. బస్టాండులో మనూర్ బస్సు ఒక్కటి ఖాళీగా నిలబడి ఉంది. డ్రైవరు దాని నీడలోనే పడుకున్నాడు. కుక్కలు కూడా మోరీల్లో దూరాయి. కాశమ్మ కొంగు నెత్తిన కప్పుకుని గడి తలుపు నెట్టింది.

లోపల చీకటి. వడగాడ్పు రాకుండా కిటికీలన్నీ మూసి, తడిపిన గోనెపట్టలు వేలాడదీశారు. తడి గోనె వాసన. దాని కింద సాంబ్రాణి వాసన. ఆ రెంటి కింద ఇంకొకటి... ఎన్నడో రాసి కడగకుండా వదిలేసిన తలనూనె కనరు వాసన. కాశమ్మకు ఆ వాసన కొత్త కాదు, పాత సవరాలు మూట కట్టి పెడితే అట్లాగే వస్తుంది. కానీ గడిలో ఆమె అది ఎన్నడూ పసిగట్టలేదు.

"కల్లమ్మ లోపట పండుకున్నది. మెల్లగ మాట్లాడు," అన్నది రేవమ్మ.

ఇద్దరూ నడిమింట్లో చాప మీద కూర్చున్నారు. ఎదురుగా గోడకు రాజుగారి పటం. బుర్ర మీసాలు, పెద్ద తలపాగ, కత్తి. చచ్చిపోయి డెబ్బై యేండ్లయింది. రేవమ్మ ఒక చందనం పెట్టె తెరిచి, మెత్తటి గుడ్డలోంచి ఒక పతకం బయటికి తీసింది.

బొగ్గంత నల్లటి రాయి. మధ్యలో గోరంత అద్దం. చుట్టూ సన్నటి బంగారు అంచు. మెడలో వేసుకోవడానికి గొలుసు లేదు. గొలుసు ఉండాల్సిన చోట చిటికెన వేలంత లావు వెంట్రుకల తాడు ఉంది.

"ఇంగ్లాండు రాణి సచ్చిపోయినప్పుడు అక్కడి దొర్సానులందరు నల్లరాళ్లు తొడుక్కున్నరట," అన్నది రేవమ్మ. "సచ్చినోల్ల ఎంటికెలు నగల పెట్టుకొని ఏడుసుడు వాళ్ల రివాజట. ఒక తెల్లదొర పెండ్లాం మెడల సూసింది మా పెద్దరాణి. రాజుగారు పోయినప్పుడు తను గూడ అసొంటిదే హైదరాబాద్‌ల చేయించింది. ఎన్కదిక్కు అక్షరాలున్నయి సూడు. 'ప్రభువును మరువని ప్రజలు' అని."

కాశమ్మకు చదువు రాదు. తాడును చేతిలోకి తీసుకున్నది. చల్లగా ఉంది. మే నెలలో, ఆ ఉక్కలో, బావిలోంచి అప్పుడే తీసిన చేదతాడులా చల్లగా.

"ఇవి రాజుగారి ఎంటికెలా?"

"ఆఁ."

కాశమ్మ పటం వైపు చూసి నవ్వింది. "ఇంత పొడుగు జడున్న రాజును నేను ఏడ సూడలే అక్కా. మా రుక్కి నయం."

రేవమ్మ నవ్వలేదు. "ఏడు పాయలది. ఒక పాయ అరిగిపోయింది. కొత్త పాయ ఎక్కియ్యాలె. ఎంటికెలు నేనే తెప్పిచ్చిన, బీదర్ నుంచి." పాత కన్నడం పేపరులో చుట్టిన పొట్లం ముందుకు జరిపింది. "దీపం వెలిగిస్త. జల్దీ కానియ్యి తంగీ. ఇయ్యాలనే కావాలె. ఇయ్యాల ఆయన పోయిన దినం."

సవరం అల్లేవాళ్లు కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని అల్లుతారు. కాశమ్మ కుడికాలు చాపి, తాడును వేలికి తగిలించి, అరిగిన పాయను విడదీసింది. అది చేతిలోనే నుసి అయింది. మిగతా ఆరు పాయలను వేళ్లతో తడిమింది. అలవాటు.

ఒక పాయ ఉంగరాల వెంట్రుక. ఒకటి పట్టుదారంలా సన్నం. ఒకటి మొద్దుగా, ఎండలో గడ్డి కోసిన మనిషిది. ఒకదానికి నడుమ నెరుపు. ఆరు పాయలు, ఆరుగురు. అందరూ ఆడవాళ్లే. ఒక్కటీ కత్తెరతో కోసింది కాదు. ఒక చివర తెల్లటి కుదుళ్లు ఉన్నాయి, గుత్తులు గుత్తులుగా. దువ్వితే రాలిన వెంట్రుక ఒంటరిగా వస్తుంది. గుత్తిగా వచ్చిందంటే ఎవడో పీకినట్టు. ఆ రకం కాశమ్మకు బాగా తెలుసు.

ఒక వెంట్రుకను వేళ్ల మధ్య రుద్దింది. అది జరిగింది. కుదురు వైపుకు కాదు... కొస వైపుకు.

మళ్లీ రుద్దింది. మళ్లీ కొస వైపుకే.

ఇరవై ఐదేండ్లలో ఆమె చేతిలో ఏ వెంట్రుకా అట్లా జరగలేదు. చెమట పట్టిన వేళ్లు మోసం చేస్తున్నాయనుకుని చీరకు తుడుచుకున్నది. పొట్లం విప్పి, కొత్త వెంట్రుకలు సర్ది, అల్లడం మొదలుపెట్టింది. మంచి వెంట్రుకలు. పొడుగ్గా, నల్లగా, నూనె పట్టి. చెయ్యి దానంతట అదే నడిచింది. మూడు జానలు. నాలుగు.

బయట గాలి లేచింది. ముందు రేకులు టపటపమన్నాయి. తర్వాత ఊరి మీదికి ఎర్రదుమ్ము గోడలా వచ్చింది. పొద్దు ఉండగానే రాత్రి అయింది. దీపం ఒరిగి, మళ్లీ నిలబడింది. గాలి హోరులో లోపలి గదిలోంచి సన్నగా ఏదో వినిపిస్తోంది... పిల్లి కాదు. ఎవరో నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తున్నట్టు.

"కల్లమ్మ లేచిందా?"

"లేదు. నువ్వు అల్లు."

సరిగ్గా అప్పుడు కాశమ్మ వేలికి ఒక నొక్కు తగిలింది. వెంట్రుక నడుమ సన్నగా, చిన్నగా, జొన్న కర్రకు గణుపు దగ్గర ఉన్నట్టు. పక్క వెంట్రుకకూ అక్కడే నొక్కు. దాని పక్కదానికీ.

పెద్ద జ్వరం వచ్చి బతికిన మనిషి వెంట్రుకకు ఆ నొక్కు ఉంటుంది. జ్వరం ఉన్నన్ని రోజులు వెంట్రుక తిండి లేక సన్నబడుతుంది, తగ్గాక మళ్లీ లావవుతుంది. కుదురు నుంచి ఆ నొక్కు ఎంత దూరంలో ఉందో చూస్తే జ్వరం వచ్చి ఎన్నాళ్లయిందో చెప్పొచ్చు. కాశమ్మ వేలితో కొలిచింది. జానన్నర. రెండేండ్లు. ముక్కు దగ్గర పెట్టుకున్నది. మెంతులు వేసి కాచిన ఆముదం. ఆమె తన చేతులతో కాచి, సీసాలో పోసి రేవమ్మకు ఇచ్చిన ఆముదం.

"ఇది రుక్కి ఎంటికె."

రేవమ్మ పొట్లం పేపరు మడతలు సాపు చేసింది.

"రేవక్కా... ఇవి నా బిడ్డవి."

"అల్లు తంగీ. సగమయింది. సగంల ఆపొద్దు."

"బీదర్ అంటివి..."

"అల్లు."

రెండేండ్ల శుక్రవారాలు. తిన్నె మీద ఎండ. కండ్లు మూసుకున్న పిల్ల. రెండు దువ్వెనలు. రెండో దువ్వెన అంటుకు కాదు, రుక్కి వెంట్రుకలు కలవకుండా ఏరుకోవడానికి.

"అల్లితే ఏమయితది?"

"ఏడుస్తది. రాజుగారి కోసం. అంతే."

"ఎన్ని దినాలు?"

రేవమ్మ దీపం వత్తి సర్దింది.

"ఈ ఆరుగురు ఎన్ని దినాలు ఏడ్చిన్రు అక్కా?"

"ఒక్కొక్కతె ఒక్కో లెక్క," అన్నది రేవమ్మ గొంతు తగ్గించి. "ఒకతె యేడాది ఉన్నదంట."

తర్వాత గబగబా చెప్పింది, అడగకుండానే. రాజు పుట్టుబట్టతల. ఆయన తలలో వెంట్రుకలుంటే కదా నగలో పెట్టడానికి. పెద్దరాణి తనది ఇస్తుందా? గడిలో ఆడబాపలు ఉన్నారు. రాణులు కాపురానికి వచ్చినప్పుడు పెట్టెలతో పాటు పుట్టింటి వాళ్లు తోలిన ఆడపిల్లలు. పెండ్లి లేదు, జీతం లేదు, చచ్చేదాకా చాకిరి. వాళ్లలో ఏడుగురిని కూర్చోబెట్టి పీకారు. ప్రభువును మరువని ప్రజలు వాళ్లే. వెంట్రుక తాడులోకి ఎక్కినప్పటి నుంచి వాళ్ల ఏడుపు ఆగలేదు. ఏడ్చి ఏడ్చి పోయారు. ఏడవడానికి మనిషి తక్కువైతే రాజు ఊరుకోడు. తాడు అరిగితే ఇంట్లో ఆడవాళ్లను పిలవడం మొదలుపెడతాడు.

"మొన్న నా కల్లమ్మ నిద్రల ఏడ్చింది. ఎవరి కోసమే అంటే రాజుగారి కోసం అన్నది. ఎన్కట ఆడబాపలు ఉండిరి, మా అత్త ఎవతెనో ఒకదాన్ని ఎక్కిచ్చింది. ఇప్పుడు ఎవరున్నరు చెప్పు? ఎవరిని అడగాలె?"

"నన్ను అడిగినవా?"

"అడిగితే ఇస్తుంటివా?"

కాశమ్మ వేళ్లు పాయ కొసను వెదికాయి.

"రెండేండ్లు కన్నబిడ్డ లెక్క చూసిన," అన్నది రేవమ్మ. ఆమె కండ్లలో నిజంగానే నీళ్లు తిరిగాయి. "నాటకం గాదు తంగీ. మనసుతోనే చూసిన. పీకిందన్న గావాలె, ఇష్టంగ కూసున్న తలదన్న గావాలె, లేకుంటే ఎక్కదంట ఇది. ఇప్పుడు పీకితే పోలీసు కేసైతది గద."

అంత మర్యాదగా చెప్పింది.

కాశమ్మ అల్లిన పాయను విప్పబోయింది. రాలేదు. ఎదురు గుంజింది. పాయ బిగుసుకున్నది. చేతిలో వదిలి ఉన్న వెంట్రుకలు మెల్లగా జరుగుతున్నాయి... ఆమె రుద్దకుండానే... తాడులోకి. కాలివేలి మీద తాడు మెలి తిరిగింది. బిగిసింది.

దీపం ఆరింది.

గాలి హోరు కూడా ఆగిపోయింది, ఎవరో గిన్నె బోర్లించినట్టు. చీకట్లో కనరు నూనె వాసన ముఖానికి తగిలేంత దగ్గరికి వచ్చింది. ఏడుపు లోపలి గదిలోంచి కాదు ఇప్పుడు. చాప మీది నుంచే. చుట్టూ.

"రేవక్కా..."



కాశమ్మ చేతులు అల్లుతున్నాయి. ఆపాలనుకున్నది. ఆగలేదు. కుడి పాయ మీదికి ఎడమ పాయ... కిందికి... మళ్లీ...

అప్పుడు ఆమె వేళ్ల మధ్యకు వేరే వేళ్లు వచ్చాయి.

చల్లటి వేళ్లు. సన్నవి. ఒకదానికి గోరు లేదు. ఇంకో చెయ్యి. అరచెయ్యి గరుకుగా, రోకలి పట్టిన చెయ్యి. మరో రెండు. అవి ఆమె చేతిలోంచి పాయను లాక్కుంటున్నాయి. అల్లడానికి అనుకున్నది. కాదు. విప్పుతున్నాయి. పని తెలిసిన వేళ్లు, చిక్కు చిక్కుగా, ఓపికగా, విప్పుతున్నాయి. ఒకామె కాలివేలి దగ్గర ముడి కింద గోరు దూర్చింది.

చెవి పక్కన ఊపిరి లేని గొంతు. "లే."

ఇంకొకటి. "పో. బిడ్డ కాడికి పో."

ముడి వదులైంది. కాశమ్మ కాలు లాక్కున్నది. సరిగ్గా అప్పుడు ఆ వేళ్లన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. కోడిపిల్లల మీద గద్ద నీడ పడ్డట్టు. ఏడుపు ఆగింది.

ఆమె మణికట్టు మీద ఒక చెయ్యి పడింది. పెద్దది. మెత్తనిది, ఏనాడూ పని చెయ్యని చెయ్యి. ఉంగరాలు ఉన్నాయి. తొందర లేకుండా పట్టుకున్నది, తనదే కదా అన్నట్టు.

కాశమ్మ ఆ చెయ్యిని కొరికింది. నోట్లోకి ఏమీ రాలేదు. బూజు వచ్చినట్టయింది. పాకింది. గడప తగిలింది. తలుపు మీద పడింది. వెనక నుంచి రేవమ్మ గొంతు, మామూలుగా, పొరుగింటామెను పిలిచినట్టు, "గంప మరిసినవు తంగీ..."

బయట దుమారం. కాశమ్మ పరుగెత్తింది. కాలి బొటనవేలి గోరు లేదని ఇంటి ముందుకు వచ్చాక చూసుకున్నది.

హన్మమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ముఖంలో వెటకారం లేదు.

"యాడ పోయినవే? గంటసేపాయె, పిల్ల ఒక్కతీరుగ ఏడుస్తుంది. ఎవడన్న పోరడా అని నవ్వులాటకు అడిగిన. గాజులు పలగ్గొట్టుకున్నది."

రుక్కి గుమ్మానికి వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. ఒళ్లో గాజు పెంకులు. చిన్నగా, గొంతు రాకుండా, ముసలామెలా ఏడుస్తోంది.

"రుక్కీ, ఏమయిందే?"

"పోయిండమ్మా."

"ఎవరు?"

"ఆయన. ఒక్కడే ఉన్నడు. నెత్తి మీద ఒక్క ఎంటికె లేదమ్మా... సల్లగైతుందంట. నా జడ కప్పమంటుండు."

రాజుగారి పటం చూసిన వాళ్లెవరూ ఆయనను తలపాగ లేకుండా చూడలేదు. ఆయన బట్టతల సంగతి గంట కింది దాకా కాశమ్మకే తెలియదు.

"కాశీ," అన్నది హన్మమ్మ గుసగుసగా. "జడ చూడు."

రుక్కి జడ వీపు మీద లేదు. నేల మీద లేదు. మెడ దగ్గరి నుంచి గుమ్మం వైపుకు, గాలిలో, తాడులా తిన్నగా చాచుకుని ఉంది. కొస బస్టాండు దిక్కు. ఎవరూ పట్టుకోలేదు. కొంచెం కొంచెంగా బిగుస్తోంది. రుక్కి తల వెనక్కి వాలుతోంది. మెడ నరాలు ఉబ్బాయి. పిల్ల అట్లాగే వెనక్కి జరుగుతోంది... కూర్చున్నది కూర్చున్నట్టే.

ఈరయ్య గడ్డం గీసుకునే కత్తి దూలం సందులో ఉంది. కాశమ్మ దింపింది.

"వద్దే!" హన్మమ్మ చెయ్యి పట్టుకున్నది. "పెండ్లి గావాల్సిన పిల్ల. శుక్రవారం పూట ముండమోపి లెక్క జేస్తవా?"

"చెయ్యకుంటే వాడు జేస్తడు."

జడను మొదట్లో కోసింది. కోస్తుంటే రుక్కి అరవలేదు. ఇంకెవరో అరిచారు, చాలా దూరంలో, మగగొంతుతో. జడ నేల మీద పడింది. పడి ఆగలేదు. కొస ముందుకు పెట్టి గడప దాకా జరిగింది. కాశమ్మ దాని మీద కాలు వేసి తొక్కి, ఎత్తి పొయ్యిలో పెట్టింది. కాలిన వాసనకు హన్మమ్మ బయటికి పోయి కక్కుకున్నది. నీళ్లు కూడా లేకుండా, పొడి కత్తితో, కాశమ్మ బిడ్డ తల మొత్తం గీసింది. రెండు చోట్ల తెగింది.

రుక్కి ఏడుపు ఆపి, తల తడుముకుని, "ఆకలైతుందమ్మా," అన్నది.

తెల్లవారి కాశమ్మ కత్తి కొంగులో కట్టుకుని గడికి పోయింది. తాళం. ఎదురు హోటలు సంగయ్య చెప్పాడు. "మొదటి బస్సుకే పోయిన్రు, తల్లీబిడ్డ. బీదర్ దిక్కు. దొర్సాని ఏడ్సుకుంట పోయింది పాపం." ఎవరి కోసం ఏడ్చిందో సంగయ్య అడగలేదు. పతకం పెట్టె ఆమె ఒళ్లోనే ఉందట. తిన్నె మీద రుక్కి దువ్వెన ఉంది, శుభ్రంగా కడిగి, ఒక్క వెంట్రుక లేకుండా.

ఆ సగం పాయ పూర్తిగా విప్పుకున్నదో, మళ్లీ ఎవరి చేతనైనా అల్లించారో తెలియదు. అమృతప్ప దుకాణం కూడా ఎత్తేశాడు. వాళ్ల జాడ చెప్పిన వాళ్లు లేరు.

వారానికి రుక్కి తల మీద మొలకలు వచ్చాయి. కాశమ్మ వేలు పెట్టి చూసింది. ఉంగరాల వెంట్రుక. రుక్కిది తిన్నటి జుట్టు. గీసేసింది. పై వారం పట్టుదారంలా సన్నం. గీసింది. ఆ పై వారం మొద్దుది, ఎండకు కాలినది. తర్వాత నెరిసినది, పదిహేనేండ్ల పిల్ల తలలో. ఆరు వారాలు, ఆరు రకాలు. ఏ వారమూ రుక్కి సొంత వెంట్రుక రాలేదు.

ఏడో వారం వచ్చింది ఆడమనిషి వెంట్రుక కాదు. పటంలోని బుర్ర మీసంలా బిరుసుది.

కాశమ్మ అది బిడ్డకు చెప్పలేదు. ఊళ్లో వాళ్లు ఏ దేవుడి మొక్కని అడిగితే వాళ్లకూ చెప్పలేదు. తను బతికిన తొమ్మిదేండ్లూ ప్రతి శుక్రవారం బిడ్డకు తన చేత్తోనే గుండు గీసింది.